పెన్షన్ ఒకటో తారీఖుకే వస్తుంది, బీపీ మాత్ర ఎందుకు రాదు?

మా మేనత్తది కనిగిరి వైపు చిన్న ఊరు. వయసు డెబ్బై దాటింది. కొడుకూ కోడలూ బేల్దారి పని మీద హైదరాబాదులో ఉంటారు. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం నుంచి మనిషి ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని, రూ. 4,000 చేతిలో పెట్టి వెళ్తారు. ఒక నెల ఆమె కూతురింటికి వెళ్లి ఉంటే "అవ్వా, ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు?" అని రెండుసార్లు ఫోన్ వచ్చింది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు గూట్లో మందుల కవరు తీసి చూశాను. అన్నీ ఖాళీ షీట్లే.

"బీపీ మాత్రలు ఏవత్తా?"

"అయిపోయి పన్నెండు రోజులైంది నాయనా. తల తిరగడం లేదు గదా. మళ్లీ తిరిగితే తెచ్చుకుందాంలే అని ఊరకున్నా."

ఆ పన్నెండు రోజుల్లో ఆమెకు ఒక్క ఫోనూ రాలేదు. పెన్షన్ ఆగితే ఊరంతా అడుగుతుంది, మాత్ర ఆగితే అడిగేవాళ్లు లేరు. పల్లెల్లో పెద్దవాళ్ల జబ్బుల్ని ముందే అడ్డుకోవాలని మనం పెట్టుకున్న కార్యక్రమాలు ఎక్కడ పనిచేస్తున్నాయి, ఎక్కడ జారిపోతున్నాయి అన్న చిక్కు నాకు ఆ గూటి దగ్గరే అర్థమవడం మొదలైంది.

నివారణ అనగానే జబ్బు రాకుండా చూసుకోవడం అనుకుంటాం. చిన్నపిల్లల టీకాల విషయంలో అది నిజమే. అరవై దాటిన మనిషి దగ్గర ఆ మాట మూడు పాయలుగా చీలుతుంది. ఒకటి, రాకముందే ఆపడం: పొగాకు మానడం, ఉప్పు తగ్గించడం, నీళ్లు మంచివి తాగడం. రెండు, వచ్చినా బయటపడకముందే కనిపెట్టడం: బీపీ, షుగర్, నోటి పుండ్లు, కంటి శుక్లాలు చూడటం. మూడు, ఉన్న జబ్బు ముదిరి మనిషిని మంచాన పడేయకుండా కాయడం. 2017-18లో 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా భారతీయులతో జరిగిన పెద్ద సర్వేలో, అరవై దాటినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది తమకు బీపీ ఉందని డాక్టరు చెప్పారన్నారు. వీళ్లు తెలిసినవాళ్లు మాత్రమే, తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. అంటే పెద్ద వయసులో నివారణలో పెద్ద వాటా మూడో పాయదే. బీపీ ఉన్న మనిషికి పక్షవాతం రాకుండా చూడటమే అసలైన నివారణ. దానికి కావలసింది ఖరీదైన మిషన్ కాదు. రోజూ ఒక మాత్ర, నెలకోసారి బీపీ చూసే చెయ్యి ఉంటే చాలు.

వినడానికి ఇంత తేలికైనది ఎందుకు జరగడం లేదు?

ఆశా కాగితం నుంచి మాత్ర దాకా

ముందు ఎవరేం చేయాలో చూద్దాం. అరవై దాటినవాళ్ల కోసం దేశంలో ప్రత్యేక ఆరోగ్య కార్యక్రమం 2010-11లోనే మొదలైంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయాలన్నది 2017 నుంచి ఉన్న ఏర్పాటు. దీనికి తొలిమెట్టు ఊళ్లోని ఆశా కార్యకర్త. ఇంటింటికీ వెళ్లి ఒక ప్రశ్నల కాగితం నింపుతుంది. వయసుకు కొన్ని మార్కులు, బీడీ చుట్టలకు కొన్ని, మద్యానికి కొన్ని, నడుము కొలతకు కొన్ని, నడకా పనీ లేకపోతే ఇంకొన్ని. మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. అరవై నిండితే ఆ ఒక్కదానికే 4 పడతాయి. ఇంకొక్క మార్కు పడితే చాలు, అంటే పెద్దవాళ్లలో దాదాపు అందరూ పరీక్షకు వెళ్లవలసినవాళ్లే.

ఆ కాగితంలో అరవై దాటినవాళ్లకే వేరుగా కొన్ని ప్రశ్నలున్నాయి. వాటిలో మూడు ఇవి. నిలబడినా నడిచినా తూలుతున్నట్టు ఉంటుందా? రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాల్సి వస్తోందా? దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి అడ్రసు మర్చిపోతున్నారా? ఈ మూడూ చాలా ఆలోచించి పెట్టిన ప్రశ్నలని నా అభిప్రాయం. పెద్దవాళ్ల కష్టం అంతా వాటిలో ఉంది. కాకపోతే "అవును" అని రాసుకున్నాక ఏం జరగాలో ఊరికి తెలియదు. తూలుతున్న ముసలాయనను ఏ రోజు, ఎవరు, ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఆశా తర్వాత ఊళ్లు తిరిగే నర్సు ఏఎన్ఎం, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉంటారు. దాదాపు రెండున్నర వేల జనాభాకు ఒక విలేజ్ క్లినిక్ అన్నది లెక్క. ఎంఎల్‌హెచ్‌పీలు నర్సింగ్ చదివినవాళ్లు, బీపీ షుగర్ చూసి మందులు అందిస్తారు. పీహెచ్‌సీ డాక్టరే 104 బండితో ఊరికి వచ్చే పద్ధతి 2023 ఏప్రిల్‌లో మొదలైంది. బీపీ మాత్ర మొదలుపెట్టడం, డోసు పెంచడం తగ్గించడం డాక్టరు పని. కాగితం మీద చూస్తే ఎక్కడా లోటు కనిపించదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మనిషి వెళ్లే చోటే తెగిపోతుంది. ఆశా రాసింది ఎంఎల్‌హెచ్‌పీకి చేరుతుంది, మనిషి చేరడు. మనిషి చేరిన రోజు డాక్టరు ఉండరు. డాక్టరు రాసిన మాత్ర ఆ నెల స్టాకులో ఉండదు. స్టాకు వచ్చేనాటికి మా అత్తకు తల తిరగడం ఆగిపోతుంది.

ఉచిత వైద్య శిబిరాల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఆదివారం బడిలో షామియానా వేస్తారు, వందల మంది వస్తారు, బీపీ చూసి పది రోజుల మాత్రలు ఇస్తారు. పెట్టేవాళ్ల మంచి మనసును నేను శంకించను. కానీ బతికినంతకాలం వేసుకోవాల్సిన మందు పది రోజులిస్తే మిగతా రోజుల మాటేమిటి? పైగా ఎండలో నడిచొచ్చి, గంట సేపు క్యూలో నిలబడి, కూర్చోగానే పట్టీ కడితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి, పట్టీ జాకెట్టు చేతుల మీద కాకుండా ఒంటి మీద కట్టాలి, ఎక్కువుంటే ఇంకో రోజు మళ్లీ చూశాకే బీపీ అని తేల్చాలి. ఆ ఇంకో రోజు శిబిరానికి ఉండదు.

ట్యాబ్ ఇచ్చారు, ఫోన్ చేశారు

తెగిన చోట టెక్నాలజీతో ముడి వేద్దామని చాలామంది ప్రయత్నించారు. అందులో ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 54 ఊళ్లలో ఆశాలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువున్నవాళ్లను లెక్కగట్టడం నేర్పించారు. ఆశాలు బాగా చేశారు. ముప్పున్న మనుషులు దొరికారు. 2019లో ఫలితాలు వస్తే, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కనిపెట్టడం ఒక్కటే బాగుపడితే బీపీ దిగదని ఆ ప్రయోగం మనకు చెప్పింది. ఫలితం ఆశించినట్టు రాలేదని దాచకుండా ప్రచురించడం నాకు గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే మనకు పనికొచ్చే పాఠం అందులోనే ఉంది.

అదే ఏడాది బంగ్లాదేశ్‌లోని ఫరీద్‌పూర్ జిల్లా నుంచి ఇంకో ఫలితం వచ్చింది. అక్కడ 96 ఊళ్లను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో ముప్పై దాటినవాళ్ల ఫోన్లకు షుగర్ జబ్బు గురించి వాయిస్ మెసేజ్‌లు పంపారు. రెండో భాగంలో నెలనెలా ఊళ్లో మీటింగులు పెట్టారు: మన ఊళ్లో షుగర్ ఎందుకు పెరుగుతోంది, మనం ఏం చేయగలం అని జనమే మాట్లాడుకుని, జనమే నిర్ణయించుకుని, కొన్ని నెలల తర్వాత ఏం జరిగిందో మళ్లీ జనమే చూసుకునే మీటింగులు. మూడో భాగంలో మామూలుగా వదిలేశారు. ఫోన్ మెసేజ్‌లు విన్నవాళ్లకు జబ్బు గురించి తెలివిడి పెరిగింది, జబ్బు మాత్రం తగ్గలేదు. మీటింగులు జరిగిన ఊళ్లలో షుగర్, షుగర్ రాబోయే స్థితి రెండూ కలిపి చూస్తే బాగా తగ్గాయి.

ఇక బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో 2,645 మంది బీపీ రోగులతో చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్లి బీపీ చూసేవారు, ఇంట్లోవాళ్లతో మాట్లాడేవారు, బీపీ ఎక్కువున్నవాళ్లను శిక్షణ పొందిన సర్కారు డాక్టరు దగ్గరికి చేర్చేవారు. రెండేళ్ల తర్వాత చూస్తే బీపీలో పై అంకె, మామూలు వైద్యం అందినవాళ్ల కంటే సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఒక మనిషికి ఐదు పాయింట్లంటే ఏముందనిపిస్తుంది. ఒక మండలం మొత్తానికి అంత తగ్గితే ఎన్నో పక్షవాతాలు ఆగుతాయి.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. సమాచారం ఇచ్చి వదిలేసిన చోట జబ్బు లెక్క మారలేదు. మనిషి మళ్లీ మళ్లీ వచ్చి అడిగిన చోట, నలుగురు కూర్చుని తమ మాటగా తేల్చుకున్న చోట మారింది. ఒకటో తారీఖు పెన్షన్ నడిచేది కూడా ఇలాగే: పేర్ల జాబితా, ఫలానా రోజు, అందకపోతే అడిగే మనిషి.

నెల్లూరుకు ఇది కొత్తేమీ కాదు

నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1991లో అక్షరాస్యతా ఉద్యమం కింద రాత్రి బడులు పెడితే, అక్షరాలు దిద్దడానికి వచ్చిన ఆడవాళ్లు తమ ఇళ్లను సారా ఎలా తింటోందో మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా కొట్టు ముందు నిలబడ్డారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో అదే ఏడాది రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి కూడా మొదలైంది. దాన్ని మామూలుగా ఆర్థిక, రాజకీయ చరిత్రగా చెప్పుకుంటాం. నాకది మన ప్రాంతంలో జనం తమంతట తాము నడిపిన పెద్ద ఆరోగ్య ఉద్యమంగా కూడా కనిపిస్తుంది. సారా మానితే కాలేయం ఒక్కటే బాగుపడదు, ఇంట్లో తిండి, దెబ్బలు, నిద్ర అన్నీ మారతాయి.

ఆ పొదుపు సంఘాలు ఈరోజుకీ ఊరూరా ఉన్నాయి. పది పన్నెండు మంది, పుస్తకం, లీడర్లు, ఎవరు రాలేదో అడిగే అలవాటు. ఆరోగ్య కార్యక్రమానికి కావలసిన ఎముకల గూడు అక్కడ తయారుగా ఉంది. సంఘం మీటింగు రోజున ఎంఎల్‌హెచ్‌పీ బీపీ మిషన్‌తో వచ్చి కూర్చుంటే, అప్పు కంతు రాసిన పుస్తకంలోనే పక్క గీతలో "మాత్రలు ఉన్నాయా" అని రాసుకుంటే కొత్త ఆఫీసు అక్కర్లేదు.

ఇది అనుకున్నంత సులువు కాదు. మా ఊళ్లో చూశాను, వయసు మీద పడగానే సంఘంలో అత్త పేరు పోయి కోడలి పేరు చేరుతుంది. ఎవరి కోసం మీటింగు కావాలో వాళ్లే పుస్తకంలో ఉండరు. మగవాళ్లు అసలు రారు, వాళ్లుండేది టీ అంగడి దగ్గర, రావిచెట్టు అరుగు మీద. బీడీ తాగే డెబ్బై ఏళ్ల మనిషిని సంఘం పుస్తకంలో వెతికితే దొరకడు, అరుగు దగ్గరికే వెళ్లాలి. ఇంకోటి, మీటింగు ఎవరి వీధిలో పెట్టారన్నదాన్ని బట్టి ఎవరు వస్తారో తేలిపోతుంది. పెద్ద వీధిలో పెడితే ఎస్సీ కాలనీ నుంచి ముసలివాళ్లు రారు. నెల్లూరు తీరంలో యానాదుల కాలనీలు ఊరికి దూరంగా ఉంటాయి, అక్కడికి ఆశా వెళ్తేనే పేరు జాబితాకెక్కుతుంది. జాబితా ఎక్కడ మొదలుపెట్టాలంటే, రాలేనివాళ్ల దగ్గర మొదలుపెట్టాలని నేనంటాను.

ఆశాల మాట కూడా చెప్పాలి. బాలింతలు, టీకాలు, దోమలు, టీబీ, సర్వేలు, యాప్‌లు అన్నీ వాళ్ల మీదే. పెద్దవాళ్ల పని కూడా వాళ్లకే వేసి, దానికి డబ్బు ఇవ్వకపోతే ఆ పని కాగితం మీదే జరుగుతుంది. తప్పు వాళ్లది కాదు.

మోకాళ్ల గురించి అడగని బీపీ కార్యక్రమం

మా అత్త కవరులో బీపీ మాత్రలు అయిపోయాయి గానీ, నొప్పి మాత్రలు ఉన్నాయి. రెండు షీట్లు. అవి ఏ నెలా ఆగలేదు. ఈ సంగతి అర్థం కావాలంటే మన నీళ్ల గురించి మాట్లాడాలి.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. బోరు, బావి నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోవడాన్ని భారతదేశంలో మొదట వైద్యులు రాసింది ఈ ప్రాంతం గురించే, 1937లో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఏళ్ల తరబడి అంతకంటే ఎక్కువ తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత వెన్ను, కీళ్లు బిగుస్తాయి. ఒకసారి బిగిసిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు. ఇందులో మనిషి ఒంటరిగా చేయగలిగింది చాలా తక్కువ. నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఇంకాస్త చిక్కబడుతుంది. దీనికి నివారణ అంటే పైపులో వచ్చే మంచి నీళ్లే.

ఆ నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు ముసలితరం. దానికి వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల తోడైంది. నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, మెడికల్ షాపులో రెండు రకాల మాత్రలు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఏకధాటిగా వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని రకాల బీపీ మాత్రలతో కలిపి వేసుకుంటూ, మే నెల ఎండలో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతే కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. తెలియకుండా స్టెరాయిడ్ మాత్ర పడితే నొప్పి మాయమవుతుంది, షుగర్ ఎగబాకుతుంది, ఎముక గుల్లబారుతుంది. అంటే విలేజ్ క్లినిక్ ఒక చేత్తో దించుతున్న బీపీని మెడికల్ షాపు ఇంకో చేత్తో ఎక్కిస్తోంది.

అలాంటి మనిషితో "రోజూ అరగంట వాకింగ్ చెయ్యమ్మా" అంటే ఆమె తలూపి ఇంటికొచ్చేస్తుంది. మోకాలు మడవలేని మనిషి నడిచేదెక్కడ? ముందు ఆమెకు కుర్చీ మీద కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టే వరకు ఉంచడం నేర్పాలి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది, నొప్పి మాత్ర తగ్గుతుంది. నా లెక్కలో మన జిల్లాల్లో బీపీ కార్యక్రమం మోకాళ్ల దగ్గరే మొదలవ్వాలి. అడిగే మొదటి ప్రశ్న "బీపీ ఉందా" కాదు, "నొప్పులకు ఏం వాడుతున్నావు?"

పడిపోవడం కూడా దీని పక్కనే ఉంది. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలివాళ్లలో ఎంతమంది మళ్లీ లేచారో ఎవరి ఊళ్లో వాళ్లు గుర్తు చేసుకోండి. కాలి బలం, తూకం నిలిపే వ్యాయామాల మీద వందకు పైగా జరిగిన ప్రయోగాలను కలిపి చూస్తే పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, ఇంతే. ఇంట్లో చేయాల్సినవీ చిన్నవే: పెరట్లో మరుగుదొడ్డి దాకా రాత్రి లైటు, నాచు పట్టిన బండ గీరడం, గడప దగ్గర పట్టుకోవడానికి ఒక కడ్డీ. బీపీ మాత్ర కొత్తగా మొదలైనవాళ్లు మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగి పడతారు, కాసేపు కూర్చుని లేవాలని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలి.

షుగర్ మాత్రల్లో కొన్నింటితో ఇంకో ప్రమాదముంది. ఏకాదశి ఉపవాసమనో, వండుకునే ఓపిక లేకో అన్నం మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఒంటరిగా ఉన్న ముసలామెకు అది ఎక్కువ షుగర్ కంటే తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. ఇక ఫ్లూ, న్యుమోనియా టీకాలు పిల్లల టీకాల్లాగా పెద్దలకు ఉచిత పట్టికలో లేవు, కొనుక్కోవాల్సిందే.

ఉప్పు గురించి ఒక మాట. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఉన్న మన కంచంలో అది ఎప్పుడో దాటిపోతుంది. పచ్చడి మానేయమంటే ఎవరూ మానరు, నేను కూడా అడగను. కూరలో ఉప్పు తగ్గించి, మజ్జిగలో, అన్నంలో వేయడం మానేస్తే చాలావరకు దారికొస్తుంది. అది కూడా వండే కోడలికి చెప్పాలి, తినే మామకు చెప్పి లాభం లేదు.

2024 అక్టోబరులో కేంద్రం 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే పథకం తెచ్చింది. మంచిదే, కావాల్సిందే. కానీ అది మనిషి ఆసుపత్రిలో చేరాక పలికే కార్డు. పక్షవాతం వచ్చిన రోజు లక్షలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లం, అంతకుముందు నెలలో ముప్పై మాత్రలు గడప దాటి లోపలికి రావడానికి మనిషిని పెట్టలేమా? ఒకటో తారీఖు వచ్చే ఆ చేతికే మాత్రల ప్యాకెట్టు ఇవ్వమని నేననను, మందు పని తెలిసినవాళ్లే ఇవ్వాలి. ఆ జాబితా, ఆ రోజు, ఆ ఫోన్ మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. పెన్షన్ ఇచ్చేటప్పుడు "మాత్రలు ఎన్ని మిగిలాయి అవ్వా?" అని అడిగి, పదికి తగ్గినవాళ్ల పేర్లు ఆ రోజే ఎంఎల్‌హెచ్‌పీకి ఇస్తే చాలు. రెండో వారం లోపల మాత్ర చేరుతుంది.

అప్పటిదాకా మా ఇంట్లో ఆ పని నేను చేస్తున్నాను. నెల మధ్యలో ఫోన్ చేసి మాత్రల లెక్క అడుగుతాను. మొదట్లో అత్త ఉజ్జాయింపుగా చెప్పేది. ఇప్పుడు "ఉండు" అని ఫోను మంచం మీద పెట్టి వెళ్తుంది. గూట్లో కవరు గలగలలాడటం, ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టడం వినిపిస్తుంది. పోయిన వారం పక్కింటి చెంచయ్య మామవి కూడా లెక్కపెట్టి చెప్పింది. ఆయనకు నాలుగే ఉన్నాయట.